నాలుగు గవ్వలు, ఒక ఎండిన బోరు

సంక్రాంతికి రావాల్సిన మా అక్క కొడుకు, సెలవు దొరక్క ఏప్రిల్లో వచ్చాడు. మామిడికాయ పప్పుతో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బ్యాగులోంచి చిన్న వెల్వెట్ సంచీ తీసి భోజనాల బల్ల మీద గుమ్మరించాడు. ఏడు పాచికలు. నాలుగు ముఖాలది, ఆరు ముఖాలది, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు. పాతికేళ్ళుగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తున్నదాన్ని, నా చూపు ముందు ఆ ఆకారాల మీదికే పోయింది. అన్ని ముఖాలూ అన్ని మూలలూ ఒక్కలా ఉండే ఘనాకృతులు ఐదే ఐదని గ్రీకులు ఏనాడో తేల్చారు. ఆ ఐదూ అక్కడున్నాయి. పది ముఖాలది మాత్రం ఆ వంశంలోది కాదు. పిలవని పేరంటానికొచ్చి పంక్తిలో కూర్చున్న బాపతు.

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇవేంట్రా, పటికబెల్లం ముక్కల్లా ఉన్నాయి?" అంది.

"ఆట అమ్మమ్మా. బోర్డు ఉండదు, కాయలుండవు. ఒకళ్ళు కథ చెప్తారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు."

"మరి గెలిచేదెవరు?"

"ఎవరూ గెలవరు."

"గెలవడం లేకపోతే అదేం ఆట్రా" అని అమ్మ టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి బుర్రకథ పనికొచ్చింది. మధ్యలో కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. బాలచంద్రుడు కోట గుమ్మం ముందుకొచ్చాడని కథకుడు అంటే, ఆ తర్వాత ఏం చేశాడని వంత అడుగుతాడు. ఈ ఆటలో ఆ ప్రశ్న తిరగబడుతుంది. "బాలచంద్రుడివి నువ్వే, ఇప్పుడేం చేస్తావు?" అని కథకుడే వంతని అడుగుతాడు. వంత "గోడ దూకుతా" అంటాడు. దూకగలిగాడా లేదా అన్నది ఇద్దరి చేతుల్లోనూ ఉండదు, పాచిక తేలుస్తుంది. దాన్ని బట్టి కథకుడు కథ ముందుకు నడుపుతాడు. ఆట అంతే. మూడు గంటలు పట్టొచ్చు, మూడేళ్ళూ పట్టొచ్చు.

దీని పుట్టుక యుద్ధంలో ఉంది. 1824లో ఫాన్ రైస్‌విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి, అధికారులకి యుద్ధం నేర్పడానికి మ్యాపు, పాచికలు, తీర్పరి ఉండే ఒక ఆట తయారుచేశాడు. నాకు బాగా నచ్చిన ఘట్టం మాత్రం 1969లోది. అమెరికాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన సైన్యాల ఆట ఆడిస్తూ, ఈసారి ఆటగాళ్ళకి సైన్యాలతో పాటు ఒక ఊళ్ళో మనుషుల్ని కూడా అప్పగించాడు. నువ్వు మేయరువి, నువ్వు విద్యార్థివి, ఇలా. ఆటగాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆగకుండా మూలమూలలకి పోయి గుసగుసలు, బేరాలు, కుట్రలు మొదలుపెట్టారు. వెస్లీ ఆట చెడిపోయిందనుకున్నాడు. వాళ్ళేమో ఇంకోసారి పెట్టమని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగ్యాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. ఆ వింత పాచికలు మొదట్లో బడులకి లెక్కల సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరికినవే. అంటే మా శాఖ సొత్తే. ఈ సంగతి తెలిశాక మా వాడి మీద నాకు కొంచెం అధికారం వచ్చినట్టయింది.

వాడి కోరిక వేరు. రాక్షసులు, రాకుమారులు, కోటలు వద్దు. ఇప్పటి కాలం, ఇక్కడి ఊరు, తెలుగులో ఆడుకునే ఆట కావాలి. ఇప్పటి కాలం ఆటలు అమెరికాలో కొత్త కాదు. 1980లోనే గూఢచారుల మీద టాప్ సీక్రెట్ వచ్చింది. 1991లో నేటి నగరాల్లో రక్తపిశాచుల్ని తిప్పిన వ్యాంపైర్ వచ్చింది. కానీ ఆ ఊళ్ళలో రాత్రి ఎనిమిదికి బజారు సద్దుమణుగుతుంది. మన ఊరు అలా ఊరుకోదు.

మర్నాడు సాయంత్రం బల్ల చుట్టూ నలుగురం. నేను, మా వాడు, కింది ఫ్లాట్లో ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారు (విద్యుత్ శాఖలో ముప్ఫై మూడేళ్ళు చేశారు), ఐదో అంతస్తు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి. కథ ఎక్కడ జరగాలి? పాతబస్తీలో జిన్నులు అన్నాడు మా వాడు. ఊరి చివర సబ్‌స్టేషన్లో రాత్రి డ్యూటీ అన్నారు ఇంజనీరుగారు. పండక్కి ఊరెళ్ళే నైట్ బస్సు, ముప్ఫై ఆరు సీట్లలో ఒక ప్రయాణికుడు ఎక్కువ, అన్నాను నేను. నాది బాగుందని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయేలోగా వంటింట్లో కుళాయి దగ్గి ఆగిపోయింది.

"కథ ఎక్కడో ఎందుకు మేడం, ఈ బిల్డింగ్ ఉందిగా" అన్నారు ఇంజనీరుగారు.

హైదరాబాదులో ఏప్రిల్ అపార్టుమెంటు అంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇరవై ఫ్లాట్లు, మూడు బోర్లు, అందులో రెండు ఎండిపోయినవి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికీ డ్రైవరుకీ తెలియాలి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజుకి రెండొందల మెసేజులు, వాటిలో నూట తొంభై దండం పెట్టిన చేతులు. వాచ్‌మన్ కుటుంబం మెట్ల కింద గదిలో. ప్రతి ఇంటికీ ఒక తలుపు, ప్రతి తలుపు వెనకా ఒక తగాదా. కోటలూ సొరంగాలూ కనిపెట్టాల్సిన పనేముంది?

అక్కడే ఒక నియమం పెట్టుకున్నాం. అబద్ధం ఒక్కటే ఉండాలి. ఇప్పటి కాలం కథకి ఉన్న ఇబ్బంది, ఆ లోకం గురించి ఆడేవాళ్ళందరికీ అన్నీ తెలియడం. డ్రాగన్ ఎంత దూరం ఎగురుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి కథకుడు ఏం చెప్పినా చెల్లుతుంది. ట్యాంకరు రేటు మాత్రం అందరికీ తెలుసు. అందుకని ఒక్క వింత పెట్టి, మిగతా లోకాన్ని ముట్టుకోకూడదు. మా వింత ఇది: ఎండిపోయిన రెండో బోరు రాత్రి రెండింటికి దానంతటదే మోగుతుంది. నీళ్ళు రావు. మాటలొస్తాయి. 1908 నాటి మాటలు.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని అక్కడ ఇప్పటికీ చెప్తారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇంజనీరుగారు ఇదంతా తేదీలతో సహా చెప్తుంటే ఆ అమ్మాయి మెల్లగా అంది: "అంటే అంకుల్, నీళ్ళు ఎక్కువై చచ్చిపోయినవాళ్ళు, నీళ్ళు లేనివాళ్ళతో మాట్లాడతారన్నమాట." మా వాడు పెన్ను తీసి రాసుకున్నాడు. కథాస్థలం కుదిరింది. ఇక పాచికలు.

మొదట ఇరవై ముఖాల పాచికతోనే మొదలుపెట్టాం. ఇరవై సంఖ్యల్లో ఏది పడే అవకాశమైనా నూటికి ఐదే. దానికి మనిషి నేర్పు కొద్దీ కొంత కలుపుతారు. ఇంజనీరుగారి పాత్ర ఒకప్పటి పహిల్వాన్, బలానికి ఐదు కలుపుకోవచ్చు. నాది మెయింటెనెన్స్ మూడు నెలలు బాకీ ఉన్న అద్దెదారు, కలుపుకోడానికి ఏమీ లేదు. బోరు గది తలుపు దగ్గర ఇద్దరికీ తోపులాట. ఇద్దరం వేశాం, నేను గెలిచాను. మళ్ళీ ఇంకో సందర్భంలో వేశాం, మళ్ళీ నేనే.

కాగితం తీసి లెక్క కట్టాను. ఇద్దరూ వేసే జతలు 400. వాటిలో బక్కవాడు పహిల్వాన్‌ని ఓడించే జతలు 105. అంటే నాలుగింట ఒకసారికి పైగా. దయ్యాల గుహలో ఇది సరదా. దెబ్బ తగిలేదీ తగలనిదీ గాల్లో దీపమైతే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మెట్ల మీద రోజూ కనపడే మనుషుల మధ్య, అంత పెద్దాయన్ని నాలాంటిది నాలుగింట ఒకసారి తోసేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. ఇంజనీరుగారు అయితే కాస్త నొచ్చుకున్నారు కూడా.

అప్పుడు మా వాడు రెండు మామూలు పాచికలు తీశాడు. రెండూ వేసి కలిపితే 36 రకాలుగా పడొచ్చు. ఏడు పడే దారులు ఆరు, పన్నెండు పడే దారి ఒక్కటే. మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్చగా, ధాన్యం కుప్ప పోసినట్టు ఉంటుంది. 2010లో విన్సెంట్ బేకర్, మెగ్వీ బేకర్ దంపతులు అపొకలిప్స్ వరల్డ్ అనే ఆటలో ఈ కుప్పని మూడు ముక్కలు చేశారు. పది, ఆ పైన పడితే పని అయింది. ఆరు, ఆ లోపు పడితే కథకుడి ఇష్టం, సాధారణంగా మన ఖర్మ. ఏడు నుంచి తొమ్మిది దాకా పడితే పని అవుతుంది, దాంతో పాటు ఏదో ఒక తంటా తగులుకుంటుంది. ఏ కలుపుడూ లేకుండా వేస్తే 36లో 15 సార్లు ఈ మధ్య ముక్కే పడుతుంది. పూర్తిగా అయిపోయేది ఆరు సార్లే.

నేను ఆ కాగితం వైపు చాలాసేపు చూశాను. మా వాడు దీన్ని ఒక తెలివైన నియమంగా చెప్తున్నాడు. నాకది మా ఇంటి దినచర్యలా కనిపించింది. కార్డులో పేరు సరిచేశారు గానీ పుట్టిన తేదీ మారిపోయింది. సంబంధం కుదిరింది గానీ ముహూర్తం పరీక్షల్లో పడింది. ట్యాంకరు వచ్చింది గానీ పైపు పొట్టిది. "అయింది గానీ" అన్న మాట లేకుండా మన ఇళ్ళల్లో ఒక పూట సంభాషణ నడవదు. గెలుపోటములు రెండే ఉన్న పాచిక యుద్ధానికి సరిపోతుందేమో, అపార్టుమెంటుకి సరిపోదు. ఏ పాచిక వేస్తున్నామన్నది లెక్క ఒక్కటే కాదు, ఈ లోకం ఎలా నడుస్తుందని మనం అనుకుంటున్నామో దాన్ని చెప్పడం.

రెండు పాచికలకే ఖాయం చేద్దామనుకుంటుండగా అమ్మ వచ్చింది. మా కాగితాలు, కూడికలు చూసింది. "ఇన్ని ఎక్కాలు చదివితే గానీ ఆడలేరా? ఇంట్లో గవ్వలు లేవూ?" అని దేవుడి గూట్లోంచి నాలుగు గవ్వలు తెచ్చి బల్ల మీద వేసింది.

అష్టాచెమ్మా ఆడనివాళ్ళ కోసం చెప్తాను. నాలుగు గవ్వలు వేస్తే, నోరు పైకి పెట్టి వెల్లకిలా పడ్డవాటిని లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే సున్నా కావాలి కదా, కాదు. అష్టా, ఎనిమిది. చిన్నప్పుడు గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని అరుగు రాయి మీద ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసి వాడేవాళ్ళం.

నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. ఒక్కటి వెల్లకిలా పడేవి నాలుగు, రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. ధాన్యం కుప్ప ఇక్కడా ఉంది, అదీ మా అమ్మ దేవుడి గూట్లో. మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫడ్జ్ అని 1992 నాటి ఆటలో, తర్వాత వచ్చిన ఫేట్‌లో, సరిగ్గా ఇలాగే నాలుగు పాచికలు వేస్తారట. ముఖాల మీద అంకెలుండవు, రెండు కూడికలు, రెండు తీసివేతలు, రెండు ఖాళీలు. "వాళ్ళు అచ్చు వేయించుకుని అమ్ముతున్నారు అమ్మమ్మా" అన్నాడు. "సముద్రం ఊరికే పడేస్తుంటే కొనుక్కోవడమెందుకురా" అంది అమ్మ. ఈ గవ్వలు ఆవిడ కూడా తిరుపతిలో కొన్నవే. ఆ మాట నేను అనలేదు.

కూడికలు పోయాయి. రెండు పడితే "అయింది గానీ". పదహారులో ఆరు, అన్నిటికన్నా ఎక్కువ. మూడు పడితే అయింది. ఒకటి పడితే కాలేదు. చెమ్మా పడితే అయింది, అడగని మేలు కూడా ఒకటి జరిగింది. అష్టా దగ్గర మాత్రం రెండు రోజులు కొట్టుకున్నాం. బోర్లాపడ్డాడంటే మన మాటల్లో ఓడిపోయినట్టు. ఆటలో చూస్తే అందరికన్నా ఎక్కువ ఇళ్ళు నడిచేది వాడే. మంచా, చెడా? ఐదో అంతస్తు అమ్మాయి తేల్చింది. రెండూ కాదు. అన్నీ తిరగబడ్డాయి కాబట్టి కథ కూడా తిరగబడాలి. అష్టా వేసినవాళ్ళే ఆ ఘట్టానికి కథకులు. అప్పటిదాకా కథ చెప్పినవాడు నోరు మూసుకుని వాళ్ళ పాత్రని ఆడాలి. ఈ నియమం పుస్తకాల్లో చదివింది కాదని మా వాడు ఒప్పుకున్నాడు. రెండు మూడు గంటల ఆటలో ముప్ఫై సార్లు గవ్వలు వేస్తే అష్టా సగటున రెండుసార్లు పడుతుంది. ఏడు సాయంత్రాల్లో ఒకటి మాత్రం అష్టా లేకుండానే గడిచిపోతుంది. ఆ సాయంత్రం కథకుడికి తిరుగులేదు.

ఈ లెక్కంతా గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటేనే. గవ్వ నాణెం కాదు, దాని వీపు గుండ్రం, పొట్ట బల్లపరుపు. ఒక గవ్వ పదింట ఆరుసార్లు వెల్లకిలా పడే రకం అనుకుందాం. పెద్ద తేడాలా అనిపించదు. కానీ అలాంటివి నాలుగు కలిస్తే చెమ్మా నూటికి 13 సార్లు పడుతుంది, అష్టా రెండున్నర సార్లే. సమానంగా ఉండాల్సినవి ఒకటికి ఐదయ్యాయి. అందుకే కొత్త గవ్వల సెట్టు తెస్తే ఓ గంట ఊరికే వేసి, గీతలు గీసి లెక్కపెట్టాలి. నా పక్కన కూర్చుని ఇంజనీరుగారు గీతలు గీశారు, పాత మీటరు రీడింగులు గుర్తొచ్చాయన్నారు.

సంభావ్యత పాఠం మొదలుపెట్టే రోజున పిల్లలకి నేను నలుడి కథ చెప్తాను. జూదంలో సర్వం పోగొట్టుకుని, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణ మహారాజుకి రథం తోలుతుంటాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టుని చూసి, ఆకులెన్నో కాయలెన్నో చూపుతోనే చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, లెక్కపెట్టి, సరిగ్గా ఉందని తెలుసుకుని ఆ విద్య అడుగుతాడు. బదులుగా గుర్రాల విద్య ఇస్తాడు. ఋతుపర్ణుడి విద్య పేరు అక్షహృదయం, అంటే పాచికల గుట్టు. ఆ గుట్టు పాచికల దగ్గర కాకుండా చెట్టు దగ్గర దొరకడం నాకు ఎప్పుడూ ముచ్చటే. పైగా ఆ చెట్టు కాయలే, త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలే, వేదకాలంలో పాచికలు. రాజు చెప్పిన లెక్కని గుడ్డిగా ఒప్పుకోకుండా రథం దిగి లెక్కపెట్టాడు చూడండి, నలుడు నాకు నచ్చేది అక్కడ.

పాత్రల కాగితం మీద ఏం రాయాలన్నది తర్వాతి తగాదా. ఆ ఆటల్లో బలం, చురుకు, తెలివి అని ఆరేడు గుణాలకి అంకెలుంటాయి. మా బిల్డింగులో పనులు బలంతో కావు. ఎవరు ఎవరికి తెలుసు అన్నదాంతో అవుతాయి. అందుకని గుణాలు కొట్టేసి, ప్రతి పాత్రకీ ముగ్గురు తెలిసినవాళ్ళని రాశాం. ట్యాంకరు డ్రైవరు బావమరిది, లిఫ్టు మెకానిక్, పాత స్నేహితురాలు, ఎవరైనా. గవ్వలు సరిగా పడకపోతే, కథలో ఆ మనిషికి ఫోను చేసి, ఒక గవ్వని వెల్లకిలా తిప్పుకోవచ్చు. ఊరికే కాదు. వాళ్ళ పేరు పక్కన ఒక గీత పడుతుంది. ఆ గీతల పేరు మొహమాటం. ఐదు గీతలయ్యాక ఆ మనిషి ఏదడిగినా కాదనడానికి లేదు, ఆ రోజు మన పెళ్ళిరోజైనా సరే.

బాగుందనుకున్నాం గానీ మొదటి అరగంటలోనే బెడిసికొట్టింది. ఎవరూ ఏదీ ఓడిపోవడం లేదు. ఒకటి పడగానే ఫోను తీయడం, రెండు చేసుకోవడం. ఇంజనీరుగారి మొహమాటం అరగంటలో తొమ్మిదికి చేరింది, ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు. అప్పుడు మార్చాం. గవ్వని తిప్పడానికి లేదు, ఒక్క గవ్వని ఎత్తి మళ్ళీ వేయాలి. పడితే పడింది. గీత మాత్రం ఎటూ పడుతుంది. ఇలాగైతే ఒకటి పడ్డప్పుడల్లా సాయం అడిగినా, కాకపోవడం పదహారింట నాలుగు నుంచి రెండుకి తగ్గుతుందే తప్ప మాయమవదు. అడిగీ పని కాకపోతే మిగిలేది మొహమాటమే. అది జరిగినప్పుడు బల్ల చుట్టూ అందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు, నిజంగానే.

"మరి మొహమాటం లేని మనిషిదే లాభం కదా మేడం?" అని ఇంజనీరుగారి ధర్మసందేహం. అలాంటి పాత్ర ఒకటి చేసి చూశాం. వాడి కాగితం మీద ముగ్గురి పేర్లు రాయడానికి ఎవరూ దొరకలేదు.

సెల్‌ఫోను అసలు తలనొప్పి అవుతుందని భయపడ్డాం. ఒక భయం కథలో అందరి చేతుల్లో ఫోనుంటే భయమెక్కడ? 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతుల్హు తన కథల్ని 1920లలో పెట్టుకుంది. కబురు అందడానికి రెండు రోజులు పట్టే కాలంలో భయం దానంతటదే పెరుగుతుంది. ఇప్పటి కథలు రాసేవాళ్ళు మొదట చేసే పని సిగ్నల్ లేదనడం. ఒక్కసారి చెల్లుతుంది, రెండోసారి నవ్వుతారు. మేం ఫోనుని ఆపలేదు. దాన్ని మాట్లాడనిచ్చాం. ఏ సంగతైనా గ్రూపులో మూడు రకాలుగా వస్తుంది, ఏది నిజమో తెలియదు. పైగా ఫోను మనల్ని పట్టిస్తుంది. ఐదో అంతస్తు అమ్మాయి పాత్ర వాచ్‌మన్ కూతురు. అర్ధరాత్రి ఇంట్లో నిద్రపోతున్నానని మెసేజ్ పెట్టి, వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడింది. అసోసియేషన్ ప్రెసిడెంటు అటే వస్తున్నాడు. స్తంభం చాటుకి తప్పుకుంది. రెండు గవ్వలు. దాక్కోవడం అయింది గానీ, అని మా వాడు ఒక్క క్షణం ఆగాడు. అంతకుముందే ఆమె ఫోనులో స్కాన్ చేసి డబ్బు కట్టింది. కొట్లో డబ్బా పదిహేను రూపాయలు అందాయని వీధంతా వినపడేలా అరిచింది. మేమందరం పడీపడీ నవ్వాం, ఆ పిల్ల మాత్రం నిజంగానే చెమటలు తుడుచుకుంది.

మా వాడికి ఒక జబ్బుంది, ప్రతిదానికీ గవ్వలు వేయించడం. తలుపు తెరుస్తా అంటే వెయ్యి, అలమార చూస్తా అంటే వెయ్యి. అలమారలో తాళంచెవి కనపడలేదనుకోండి, ఇక కథ ఎటు పోతుంది? రాబిన్ లాస్ అనే రచయిత గమ్‌షూ అనే పద్ధతిలో దీనికి మందు కనిపెట్టాడు. సరైన చోట వెతికినవాడికి ఆధారం దొరికి తీరాలి, పాచిక వేయకూడదు. దొరికినదాంతో ఏం చేస్తారన్నదే కథ. నేను ఇంకాస్త గట్టిగా చెప్పాను. కాకపోయినా కథ కదిలేటట్టుంటేనే గవ్వలు తీయాలి. లేదంటే తలుపు తెరుచుకుందని చెప్పేసి ముందుకు పోవాలి. వాడు తలూపాడు గానీ, చెయ్యి గవ్వల మీదే ఉంది.

నాలుగో సాయంత్రం మొదటిసారి ఆట చివరిదాకా సాగింది. కథలో రాత్రి రెండైంది. బోరు గది తాళంచెవి ప్రెసిడెంటు దగ్గర ఉంది, ఎందుకో చెప్పకుండా నేను దాన్ని తెచ్చుకోవాలి. రెండు గవ్వలు. తాళంచెవి వచ్చింది గానీ, నన్ను నీటి కమిటీలో వేశారు. లోపలికెళ్ళాం. పైపుకి చెవి ఆనించాం. మా వాడు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఎవరో ఆడమనిషి, పాత ఉర్దూలో, పిల్లవాణ్ణి పైకొమ్మ ఎక్కమంటోంది.

సరిగ్గా అప్పుడే అసలు కాలింగ్ బెల్ మోగింది. వాచ్‌మన్. ట్యాంకరు వచ్చింది, పది నిమిషాలు మోటారు వేస్తాం, పట్టుకోవాల్సినవాళ్ళు పట్టుకోండి. నలుగురం నాలుగు వైపులా పరుగెత్తాం. బిందెలు, బకెట్లు, వాషింగ్ మెషీను పక్కన డ్రమ్ము. ఇంజనీరుగారు తమ ఫ్లాట్లో వాల్వు విప్పడానికి మెట్లమీదుగా దిగుతూ "మేడం, నా వంతు అలాగే ఉంది" అని కేకేశారు.

తిరిగొచ్చేసరికి చేతులు, చీర కుచ్చిళ్ళు తడి. అమ్మ బల్ల దగ్గర నా కుర్చీలో కూర్చుని ఉంది. ముందు నాలుగు గవ్వలు, నాలుగూ బోర్లా.

"ఇంజనీరుగారి వంతు నేను వేశాను. అష్టా. ఇప్పుడు కథ నాదేనా?"

ఆవిడ ఆటలో లేనే లేదని మా వాడు నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆ పిల్లాడు కొమ్మ ఎక్కాడు" అంది. "పైన అప్పటికే ఒక పాము ఉంది. అది కూడా తడిసిపోయి ఉంది. దానికీ భయమే."